సౌండర్స్ అలయన్స్‌లో ఉన్న తెలుగువారికి: ఈసారి నిమిషాల లెక్క అడగండి

సియాటిల్ సౌండర్స్ సాకర్ క్లబ్ సీజన్ టికెట్లు తీసుకున్న తెలుగు కుటుంబాలకు నమస్కారం.

బెల్‌వ్యూ నుంచి, రెడ్‌మండ్ నుంచి, బాథెల్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని ల్యూమెన్ ఫీల్డ్ స్టేడియానికి వచ్చేవాళ్ళలో చాలామందికి, టికెట్‌తో పాటు తమ చేతికి ఒక ఓటు కూడా వచ్చిందని తెలియదు. సీజన్ టికెట్ ఉన్నవాళ్ళంతా అలయన్స్ అనే సభ్యుల సంఘంలో భాగం. సభ్యులు ఎన్నుకున్న కౌన్సిల్ యాజమాన్యంతో ముఖాముఖి కూర్చుంటుంది. నాలుగేళ్ళకోసారి జనరల్ మేనేజర్‌ను కొనసాగించాలా వద్దా అన్నదాని మీద సభ్యులు ఓటేస్తారు. బార్సిలోనా క్లబ్ పద్ధతి చూసి, మొదటి యజమానుల్లో ఒకరైన హాస్యనటుడు డ్రూ కేరీ పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు ఇది. అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో ఇలాంటి హక్కు అభిమానులకు దొరకడం అరుదు. యాజమాన్య బృందంలో కూడా మనవాళ్ళున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ, ఆయన భార్య అను 2019లో వాటాదారులుగా చేరారు.

ఓటు ఉన్నప్పుడు దేన్ని చూసి వేయాలి? మనలో ఎక్కువమంది పాయింట్ల పట్టిక చూస్తాం. పట్టిక అబద్ధం చెప్పదు గానీ ఆలస్యంగా చెబుతుంది. జులైలో విరిగిన జట్టు సంగతి అక్టోబరులో చెబుతుంది. అప్పుడు కోచ్‌నో స్ట్రైకర్‌నో తిట్టుకుని ఇంటికి పోతాం. మార్చిలోనే కనిపించే లెక్క ఒకటుంది: ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని రోజుల విశ్రాంతితో ఆడారు అన్నది. కౌన్సిల్ ద్వారా ఆ లెక్క అడగమని కోరడానికే ఈ లేఖ.

దీనికి 2022 కన్నా మంచి పాఠం లేదు. ఆ ఏడాది ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్‌ల టోర్నీ అయిన కాంకాకాఫ్ ఛాంపియన్స్ లీగ్ సౌండర్స్‌కు ఫిబ్రవరి 17న మొదలై మే 4న ముగిసింది. పదకొండు వారాల్లో 8 మ్యాచ్‌లు. ప్రత్యర్థులు వరసగా హోండురస్ నుంచి మోటాగువా, మెక్సికో నుంచి లియోన్, సౌండర్స్ ఆడే అమెరికా, కెనడా లీగ్ అయిన ఎంఎల్‌ఎస్‌లో అప్పటి ఛాంపియన్ న్యూయార్క్ సిటీ, ఫైనల్లో మెక్సికో రాజధాని జట్టు పూమాస్. మధ్యలో ఫిబ్రవరి 27 నుంచి సొంత లీగ్ కూడా మొదలైంది. రెండు మ్యాచ్‌ల ఫైనల్లో మొదటి మ్యాచ్, అంటే మొదటి లెగ్, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో ఉన్న మెక్సికో సిటీలో. సియాటిల్ 0-2తో వెనకబడి, నికొలాస్ లొదెయ్‌రో కొట్టిన రెండు పెనాల్టీలతో 2-2 చేసింది. రెండోది 90 నిమిషాలు దాటాక కలిపిన ఇంజురీ టైమ్‌లో వచ్చింది. రెండో లెగ్ సియాటిల్‌లో 68,741 మంది ముందు 3-0. రౌల్ రూయిదియాజ్ రెండు, లొదెయ్‌రో ఒకటి. 2008లో టోర్నీ ఆ రూపానికి మారాక ఎంఎల్‌ఎస్ జట్టు గెలవడం అదే మొదటిసారి. అంతకుముందు నాలుగు ఎంఎల్‌ఎస్ జట్లు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయాయి.

అదే జట్టు అదే సీజన్‌లో లీగ్‌లో 12 గెలిచి, 17 ఓడి, 5 డ్రా చేసుకుంది. 41 పాయింట్లతో పశ్చిమ విభాగంలో 11వ స్థానం. 2009లో లీగ్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి 13 సీజన్లు వరసగా ప్లేఆఫ్స్ ఆడిన క్లబ్ మొదటిసారి బయట నిలబడింది. ఏడో స్థానంతో లోపలికి వెళ్ళిన సాల్ట్ లేక్ జట్టుకు 47 పాయింట్లు. తేడా ఆరు, అంటే రెండు గెలుపుల పాటి.

కప్పు గెలిచిన గర్వంతో ఒళ్ళు మరిచారని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. అది సరైన రోగనిర్ధారణ కాదు. మే 4 రాత్రి ఆట మొదటి సగంలోనే సంగతి మన కళ్ళ ముందు జరిగింది. నడి మైదానంలో ఆడే జువావ్ పావ్లో పచ్చిక మీద కూర్చుండిపోయాడు. మోకాలి ముందు క్రూసియేట్ లిగమెంట్ తెగింది, అంటే ఆ సీజన్ అతనికి అక్కడితో సరి. అంతకు ముందు ఏడాది లీగ్ అత్యుత్తమ పదకొండుమందిలో ఒకడు. జట్టు వెన్నుపూస అతనే. బంతి ఎక్కడ పోయినా తిరిగి తెచ్చేదీ, తెచ్చి ముందుకు పంపేదీ అతనే. అతని బదులు లోపలికి వచ్చింది అలాస్కాలోని యాంకరేజ్‌లో పుట్టిన 16 ఏళ్ళ ఓబెద్ వర్గాస్. ఆ కుర్రాడు ఆ రాత్రి భయం లేకుండా ఆడాడు. ఆ తర్వాత వారం వారం ఆడుతూ పోయాడు. వేసవిలో వెన్నెముక ఎముకకు ఒత్తిడి పగులు వచ్చి సీజన్ ముగించాడు. ఎదుగుతున్న వయసులో ఎముక అలా పగలడం ఒక్క దెబ్బతో జరిగే పని కాదు. బరువు మీద బరువు పడుతూ, మానడానికి సందు దొరక్కపోతే జరుగుతుంది. ఆ తర్వాత క్రిస్టియన్ రోల్డాన్ గజ్జల భాగంలో శస్త్రచికిత్స చేయించుకున్నాడు. రూయిదియాజ్‌ను తొడ వెనక కండరం మళ్ళీ మళ్ళీ పట్టేసింది. ముందువరసకు దగ్గరగా ఆడడానికి తెచ్చిన ఆల్బర్ట్ రుస్నాక్‌ను వెనక్కి జరిపి నడి మైదానం గండి పూడ్చారు. అక్కడ పూడితే ఇక్కడ గండి పడింది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. గోల్‌కీపర్‌ను పక్కన పెడితే మైదానంలో పదిమంది. ఒక్కొక్కరికి 90 నిమిషాలు. ఒక మ్యాచ్‌కు 900 నిమిషాలు. 34 లీగ్ మ్యాచ్‌లకు 30,600. ఒక నికరమైన ఆటగాడు గాయం లేకుండా సీజన్‌కు సగటున 2,200 నిమిషాలు మోస్తాడని మా అంచనా. కొందరు 3,000 కూడా మోస్తారు, ముప్పై దాటిన వింగర్ 1,600కే అలిసిపోతాడు. ఆ సగటు ప్రకారం ఒక్క లీగ్‌కే అయితే 14 మంది నమ్మకస్తులు చాలు. 2022లో లీగ్, ఛాంపియన్స్ లీగ్ కలిపి 42 మ్యాచ్‌లు, 37,800 నిమిషాలు, 17 మందికి పైగా కావాలి. 2025లో సౌండర్స్ లీగ్‌లో 34, ఛాంపియన్స్ కప్పులో (పాత ఛాంపియన్స్ లీగ్‌కు కొత్త పేరు) 4, క్లబ్ ప్రపంచ కప్పులో 3, ఎంఎల్‌ఎస్, మెక్సికో జట్లు ఆడే లీగ్స్ కప్పులో 6, ప్లేఆఫ్స్‌లో 3, మొత్తం 50 ఆడింది. 45,000 నిమిషాలు. ఇరవైమందికి పైనే కావాలి.

పద్నాలుగో ఆటగాడికీ ఇరవయ్యో ఆటగాడికీ మధ్య ఉన్న దూరమే ఈ లీగ్‌లో అసలు కష్టం. ఐపీఎల్ వేలం చూసేవాళ్ళకు పర్సు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఎంఎల్‌ఎస్‌లోనూ అలాంటి జీతాల పరిమితి ఉంది. 2025లో అది 59.5 లక్షల డాలర్లు, సీనియర్ జాబితాలో 20 మంది దాకా దాని కింద లెక్కకు వస్తారు. ఒక ఆటగాడి పేరు మీద ఆ పర్సులోంచి తీయగలిగిన గరిష్ఠ మొత్తం 7,43,750 డాలర్లు. స్టార్లు అనుకునే డెసిగ్నేటెడ్ ప్లేయర్లు ముగ్గురు దాకా ఉండొచ్చు. వాళ్ళకు ఎన్ని లక్షలిచ్చినా పర్సులోంచి పోయేది అంతే, మిగతాది యజమాని జేబులోంచి. ముగ్గురికి 22,31,250 పోతే మిగిలిన 17 మందికి 37,18,750. మనిషికి 2,18,750 డాలర్లు. లీగ్ ఇచ్చే కేటాయింపు నిధులతో దీన్ని కొంత సాగదీస్తారు. సాగదీసిన డబ్బు కూడా మామూలుగా నాలుగో, అయిదో, ఆరో ఆటగాడి మీదికే పోతుంది. పదిహేడో వాడి దగ్గరికి చేరేసరికి ఖజానా అడుగంటుతుంది. అందుకే బెంచి చివరన కుర్రాళ్ళూ, కెరీర్ చివరికొచ్చినవాళ్ళూ కనిపిస్తారు. కోచ్ వాళ్ళను చూసి భయపడతాడు. భయపడి అలిసిన స్టార్‌నే మళ్ళీ దింపుతాడు. గాయం అక్కడ పుడుతుంది.

తొడ వెనక కండరం, ఆటగాళ్ళ భాషలో హామ్‌స్ట్రింగ్, ఎలా తెగుతుందో ఒకసారి గమనించండి. డెబ్బయ్యో నిమిషం దాటాక ఫుల్‌బ్యాక్ ఒకడు వెనక్కి తిరిగి పూర్తి వేగంతో పరిగెడతాడు. కాలు ముందుకు విసిరి, మడమ నేలకు తగలబోయే ముందు, సాగుతున్న ఆ కండరమే కాలికి బ్రేకు వేయాలి. సాగుతూనే బిగుసుకోవాలి. అలిసిన కండరం ఆ క్షణానికి అందుకోలేదు. పరుగు మధ్యలో చేయి తొడ వెనక్కి పోతుంది, నాలుగడుగుల్లో వేగం పడిపోతుంది, ఒక కాలు కుంటుతుంది. చిన్న చీలికైతే రెండు మూడు వారాలు, పెద్దదైతే రెండు మూడు నెలలు. తొందరపడి దింపితే అదే చోట మళ్ళీ చీలుతుంది. బుమ్రా వెన్ను గాయాల తర్వాత మనకు బాగా అలవాటైన మాట వర్క్‌లోడ్. ఫాస్ట్ బౌలర్‌కు ఓవర్లు లెక్కపెట్టినట్టే ఇక్కడ నిమిషాలు లెక్కపెట్టాలి.

సియాటిల్‌కు దీని మీద భూగోళం భారం కూడా ఉంది. దగ్గర్లో ఉన్న ప్రత్యర్థులు పోర్ట్‌లాండ్, వాంకూవర్ మాత్రమే. మయామీకి ఒకవైపే దాదాపు 4,400 కిలోమీటర్లు, గడియారం మూడు గంటల తేడా. శనివారం రాత్రి తూర్పు తీరంలో ఆడిన జట్టు బుధవారం సాయంత్రం ఇంట్లో ఆడాలంటే కాగితం మీద మధ్యలో మూడు రోజులు. ఒకటి ప్రయాణానికీ పాడైన నిద్రకూ పోతుంది, ఒకటి తేలికపాటి కోలుకునే కసరత్తుకు, మిగిలిన రోజు మ్యాచ్ ముందు సాధన. అసలు శిక్షణకు రోజే మిగలదు. ఆటలో తప్పులు దిద్దుకునే వేళ దొరకదు కాబట్టి, గాయాలు లేకపోయినా జట్టు ఆట చెడుతుంది. దీన్ని మనం ఫామ్ పోయింది అనేస్తాం.

ఫిబ్రవరి సమస్య వేరు. ఖండ స్థాయి టోర్నీ మొదలయ్యే వేళకు మెక్సికో జట్లు తమ సీజన్ మధ్యలో, ఒంట్లో వేడి ఉన్న దశలో ఉంటాయి. మనవాళ్ళు అప్పుడే సెలవుల నుంచి వచ్చి ఉంటారు. వాళ్ళకు దీటుగా నిలవాలంటే జనవరిలోనే శిక్షణ తీవ్రత పెంచి ఫిబ్రవరి, మార్చికి జట్టును పదునెక్కించాలి. ఆ పదును అక్టోబరు దాకా నిలవదు. జూన్, జులైలో కావాలని తగ్గించి, మళ్ళీ పెంచాలి. అలా తగ్గించడానికి నాలుగైదు వారాల పాటు రెండో వరస వాళ్ళతో ఆడాలి, కొన్ని పాయింట్లు వదులుకోవడానికి సిద్ధపడాలి. 2022లో సియాటిల్‌కు ఆ వెసులుబాటు లేకపోయింది. ఛాంపియన్స్ లీగ్ మీద దృష్టి పెట్టి వసంతంలో లీగ్ పాయింట్లు అప్పటికే వదిలేసింది. అప్పు తీర్చాల్సిన వేళకు తీర్చేవాళ్ళు మంచాన పడ్డారు.

2025లో క్లబ్ ఈ పాఠం చాలావరకు నేర్చుకుందని మేం మనస్ఫూర్తిగా అంటాం. మార్చిలోనే పాల్ అర్రియోలా మోకాలి లిగమెంట్ తెగింది. జూన్‌లో సొంత మైదానంలో బొటాఫోగో, అట్లెటికో మాడ్రిడ్, పారిస్ సెయింట్ జర్మేన్‌లతో మూడూ ఓడింది. అయినా కూలిపోలేదు. లీగ్స్ కప్పులో బెంచి మీది వాళ్ళను ధైర్యంగా వాడుకుని, ఆగస్టు 31న 69,314 మంది ముందు మెస్సీ ఆడిన ఇంటర్ మయామీని 3-0తో కొట్టి కప్పు ఎత్తింది. ఆ రోజు గోల్ కొట్టినవాళ్ళలో ఒసాజే డి రొజారియో, పాల్ రోత్‌రాక్ ఉన్నారు. ఇద్దరూ క్లబ్ రెండో జట్టు టకోమా డిఫైయన్స్ మెట్లెక్కి వచ్చినవాళ్ళే. ఖరీదైన స్టార్ ఇంకొకడు ఉంటే బాగుండునని వాపోయే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. లీగ్‌లో పశ్చిమ విభాగంలో అయిదో స్థానం వచ్చింది, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మిన్నెసోటా చేతిలో పెనాల్టీ షూటౌట్‌తో బయటికొచ్చింది. ఆ ఓటమి బాధ మాకూ ఉంది. కానీ 50 మ్యాచ్‌లు మోసిన జట్టు నవంబరులో 3-3 దాకా పోరాడి షూటౌట్‌లో ఓడడానికీ, 2022లో అక్టోబరుకే ఇంటికి పోవడానికీ తేడా ఉంది. ఆ తేడా పేరు బెంచి.

ఆ జూన్‌లోనే ఆటగాళ్ళు క్లబ్ ప్రపంచ కప్పు సొమ్ములో వాటా కోసం నిరసన రాతలున్న టీషర్టులు వేసుకుని మైదానంలోకి వచ్చారు. పాల్గొన్నందుకే క్లబ్‌కు 95.5 లక్షల డాలర్లు వచ్చాయి. ఆటగాళ్ళ ఒప్పందం ప్రకారం వాళ్ళ వాటాకు పది లక్షల డాలర్ల గరిష్ఠ పరిమితి. ఎవరి పక్షం న్యాయమన్నది ఒక్క పేరాలో తేలదు. అయితే అదనపు టోర్నీ అంటే అదనపు నిమిషాలు, ఆ నిమిషాలు ఎవరి మోకాళ్ళ మీద పడతాయో వాళ్ళ మాట ముందు వినాలి.

మీరు ఇంట్లో ఈ లెక్క రాసుకోవడం కష్టం కాదు. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. అడ్డంగా మ్యాచ్‌లు, నిలువుగా ఆటగాళ్ళు. ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరు ఏ నిమిషంలో దిగారు, ఏ నిమిషంలో వచ్చేశారు అన్నది మ్యాచ్ నివేదికలో దొరుకుతుంది. మ్యాచ్‌ల మధ్య ఎన్ని రోజులో పైన రాయండి. శని, బుధ, శని మూడింటిలోనూ మొదటి నుంచీ ఆడిన పేరుకు ఎర్ర రంగు వేయండి. అందులో ముప్పై దాటినవాళ్ళకూ, ఇరవై నిండనివాళ్ళకూ ఇంకో గుర్తు. సబ్‌స్టిట్యూట్లు ఎప్పుడు వచ్చారో ప్రత్యేకంగా చూడండి. అయిదుగురిని మార్చే వీలుంది, విరామ సమయం కాక ఆట మధ్యలో మూడుసార్లు మాత్రమే. అయిదుగురికీ సగటున 25 నిమిషాలిస్తే 125 నిమిషాలు, మ్యాచ్ బరువులో దాదాపు ఏడో వంతు దిగిపోతుంది. ఎనభై అయిదో నిమిషంలో ముగ్గుర్ని మారిస్తే కాలయాపనకు పనికొస్తుంది గానీ బరువు దిగదు. ఎర్ర గళ్ళు ఒకే వరసలో పోగవుతుంటే అక్కడ నాలుగు వారాల్లో గాయం వస్తుందని కచ్చితంగా చెప్పలేం, కానీ ప్రశ్న అడగడానికి ఆ గళ్ళు చాలు.

ముందున్నది మామూలు సీజన్ కాదు కాబట్టి ఇప్పుడే అడగాలంటున్నాం. 2026లో ప్రపంచ కప్పు కోసం లీగ్‌కు మే 25 నుంచి జులై 16 దాకా విరామం. 2027లో ఫిబ్రవరి నుంచి మే దాకా పొట్టి సీజన్, 14 మ్యాచ్‌లూ ప్లేఆఫ్స్‌ కూడా అందులోనే. జులైలో మళ్ళీ కొత్త సీజన్, డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి రోజుల దాకా చలికాలపు విరామం, 2028 మే చివర ముగింపు. క్యాలెండర్ యూరప్‌తో కలవడం మంచిదేనని మా అభిప్రాయం. ఛాంపియన్స్ కప్పు ఫిబ్రవరిలో మొదలయ్యేసరికి జట్టు సెలవుల్లోంచి కాకుండా సీజన్ మధ్యలోంచి వస్తుంది. ప్రమాదమంతా మారే ఏడాదిలోనే ఉంది. 14 మ్యాచ్‌లే ఉంటే ఒక్కో పాయింటు బరువు రెట్టింపుకు పైనే, కోచ్ ఎవరికీ విశ్రాంతి ఇవ్వడానికి ధైర్యం చేయడు. మే చివరిదాకా అలా పిండితే, ఏడెనిమిది వారాల్లో అదే కాళ్ళతో పూర్తి సీజన్ మొదలుపెట్టాలి. ఆ సందులోనే సెలవులు, ఆ సందులోనే తయారీ శిక్షణ.

కౌన్సిల్ సభ్యులు యాజమాన్యాన్ని కలిసేటప్పుడు, జనరల్ మేనేజర్‌ను సూటిగా ఇవి అడిగేలా చూడండి. 2027 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా ఒక్కో ఆటగాడికి ఎన్ని నిమిషాలు అనుకున్నారు, ఆ గీత దాటితే ఆపే అధికారం కోచ్‌దా, వైద్య బృందానిదా? ప్రతి స్థానంలో రెండోవాడు ఎవరు, అతను నిరుడు ఎన్ని నిమిషాలు ఆడాడు? నడి మైదానంలో ఇద్దరు ఒకేసారి పడిపోతే మూడో మనిషి ఎవరు? 2022లో జవాబు దొరకని ప్రశ్న ఇదే, ఇప్పుడు పేరు చెప్పాలి. టకోమా నుంచి కుర్రాళ్ళను పైకి పిలిచినప్పుడు వాళ్ళు రెండు జట్ల మధ్య ఒకే వారంలో రెండు మ్యాచ్‌లు ఆడకుండా ఎవరు చూస్తున్నారు? రెంటన్‌లోని లాంగేకర్స్ శిక్షణ కేంద్రంలో పోగయ్యే సమాచారం మొత్తం బయటపెట్టమని ఎవరూ అడగట్లేదు. వైద్య వివరాలు ఆటగాళ్ళ సొంతం. నిమిషాల పథకం మాత్రం క్లబ్ విధానం, దాన్ని అడిగే హక్కు సభ్యులకు ఉంది.

సమావేశానికి వెళ్ళలేనివాళ్ళు మీ షీట్‌ను కౌన్సిల్ సభ్యులకు పంపండి. ఎర్ర గళ్ళు ఏ పేర్ల పక్కన ఉన్నాయో ఆ వరసలు మాత్రం పైకి తెచ్చి పంపితే చదివేవాళ్ళకు సులువు.

ఇట్లు,
మీ తోటి అలయన్స్ సభ్యులు